జరం పోయింది, మాత్రలు మిగిలాయి

మన డిపార్ట్‌మెంట్ గోడపత్రికలో ఎప్పుడూ కవితలు, సామెతలు, పండగల విశేషాలు వస్తుంటాయి. ఈసారి నేను దోమ గురించి రాస్తానంటే క్లాసులో అందరూ నవ్వారు. "కుట్టించుకోవడం చాలదా, చదవాలా కూడా?" అన్నారు. మేడమ్ మాత్రం, "నీకు తెలిసింది రాయి" అన్నారు. తెలిసిందే రాస్తున్నాను, ఎందుకంటే ఈ కథ నా ఒంట్లోంచే మొదలైంది.

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మ తెలుగు, నాన్న తమిళం. అమ్మ "దోమ" అంటుంది, నాన్న "కొసు" అంటారు. అమ్మమ్మను నేను అవ్వ అంటాను. అవ్వ వాళ్ళ ఊరు పెన్నాగరం దాటి కావేరి వైపు పోయే దోవలో ఉంది. ప్లస్ వన్ పరీక్షలయ్యాక వేసవి సెలవులు అక్కడే గడిపాను. రాత్రి ఉక్కపోతకు ఇంట్లో ఉండలేక పశువుల కొట్టం పక్కన అరుగు మీద పడుకునేదాన్ని. జూన్‌లో ధర్మపురికి తిరిగొచ్చాక చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడేవి. తర్వాత ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఆ తర్వాత చెమట. మర్నాడు ఏమీ లేనట్టే ఉండేది, ఆ పై రోజు మళ్ళీ చలి. రక్తం చూసి మలేరియా, వైవాక్స్ రకం అన్నారు. మూడు రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్ ఇచ్చారు. "జరం పోయినా మాత్రలు ఆపొద్దమ్మా" అని నర్సక్క రెండుసార్లు చెప్పింది.

నేను అయిదో రోజు ఆపేశాను. జ్వరం లేదు, మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోంది. తొమ్మిది రోజుల మాత్రలు పెన్సిల్ డబ్బాలో ఉండిపోయాయి.

తర్వాత ఏం జరిగిందో చెప్పే ముందు, ఆ మాత్రలు ఎందుకో, ఆ దోమ ఎవరో చెప్పాలి.

ఎవరీ దోమ?

దోమలన్నీ ఒకటి కావు. డెంగీ తెచ్చేది ఏడిస్, అది పగలు కుడుతుంది. బోదకాలు తెచ్చేది క్యూలెక్స్, అది మురికినీళ్ళలో పెరుగుతుంది. మలేరియా తెచ్చేది అనాఫిలిస్ మాత్రమే, అందులోనూ ఆడదోమే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. మగదోమకు పూలతేనె, మొక్కల రసం చాలు. అనాఫిలిస్‌ను గుర్తుపట్టడం అంత కష్టం కాదు. గోడ మీద వాలినప్పుడు మిగతా దోమలు గోడకు సమంగా ఉంటాయి, ఇది తల గోడకు ఆనించి తోక పైకెత్తి ఏటవాలుగా ఉంటుంది. నీళ్ళలో పిల్లపురుగుగా ఉన్నప్పుడు ఏడిస్, క్యూలెక్స్ తలకిందులుగా వేలాడతాయి. అనాఫిలిస్ పురుగు నీటి పైపొరకు సమాంతరంగా బల్లపరుపుగా తేలుతుంది.

ఈ సంగతి కనిపెట్టిన చోటు మన తెలుగు నేల మీదే ఉంది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే మలేరియా క్రిమి కనిపించింది. హుసేన్ ఖాన్ అనే రోగి ఒంటిమీద దోమల్ని వదిలి, కుట్టించుకున్నందుకు డబ్బులిచ్చేవాడట. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అందుకే ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటారు. అంతకుముందు ఇది చెడ్డగాలి వల్ల వస్తుందనుకునేవాళ్ళు. మలేరియా అనే మాటకు ఇటలీ భాషలో అర్థం అదే. మనవాళ్ళు కారణం జోలికి పోకుండా లక్షణాన్ని చూసి చలిజ్వరం అన్నారు. అవ్వ ఇప్పటికీ చలిజరం అనే అంటుంది.

మన దేశపు పల్లెల్లో మలేరియాను ఎక్కువగా మోసేది అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ అనే దోమ. పట్నాల్లో మోసేది అనాఫిలిస్ స్టెఫెన్సీ. రెండోది మేడ మీది ట్యాంకుల్లో, బావుల్లో, తొట్లలో పెరుగుతుంది. తమిళనాడు మలేరియా కేసుల్లో పెద్ద వాటా చాలా ఏళ్ళు చెన్నైది కావడానికి అదే కారణం. మొదటిది శుభ్రమైన నీళ్ళు కోరుతుంది. ఏటి ఇసకలో మిగిలిన మడుగులు, బండల మీది దొనలు, పంటకాలువలు, కొత్తగా నాటిన వరిమళ్ళు దానికి ఇష్టం.

నీళ్ళు తగ్గితే దోమ పెరుగుతుంది

ఇక్కడ మన కావేరి వస్తుంది. హొగేనకల్ పేరు కన్నడం, పొగరాయి అని అర్థం. మన "పొగ"కు, వాళ్ళ "హొగె"కు చుట్టరికం తెలుస్తూనే ఉంది కదా. అక్కడంతా బండలు. నది నిండుగా పారేటప్పుడు దోమ గుడ్లు నిలవవు, కొట్టుకుపోతాయి. నీళ్ళు తగ్గినప్పుడు ప్రతి బండ గుంటలోనూ, ప్రతి ఇసక మడుగులోనూ కదలని తేటనీళ్ళు మిగులుతాయి. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. "వానలు లేవు, ఇంక దోమలెక్కడివి" అని మనం అనుకునే నెలల్లోనే ఏటిగట్టున దోమ తయారవుతుంది.

దీనికి పెద్ద సాక్ష్యం శ్రీలంక. 1934లో అక్కడ వానలు తప్పాయి. నదులు మడుగులయ్యాయి. ఇదే క్యూలిసిఫేసీస్ దోమ ఆ మడుగుల్లో పెరిగి 1934–35లో సుమారు 80 వేల మందిని పొట్టన పెట్టుకుంది. వరదకు భయపడతాం గానీ, ఎండిన ఏరు కూడా చంపగలదని నాకు అది చదివాకే తెలిసింది.

ఇంకో సంగతి. క్యూలిసిఫేసీస్‌కు మనుషుల రక్తం కన్నా పశువుల రక్తమే ఎక్కువ ఇష్టం. కొట్టంలో ఆవు ఉంటే ముందు ఆవును కుడుతుంది. అది మనకు మేలే కదా అనిపిస్తుంది. కానీ మనం ఆ కొట్టం పక్కనే అరుగు మీద దోమతెర లేకుండా పడుకుంటే? ఆవు కోసం వచ్చిన దోమకు మనమూ అందుబాటులో ఉంటాం. ఏటిగట్టున చేపలు పట్టేవాళ్ళు, పుట్టి నడిపేవాళ్ళు, పొలం కాపలాకు పోయేవాళ్ళు ఆరుబయట పడుకుంటారు. ఇంటి గోడలకు మందు కొట్టినా గోడే లేనిచోట పడుకున్నవాళ్ళకు అది కాపు కాయదు. నేను ఆ సెలవుల్లో చేసింది సరిగ్గా అదే.

టార్చిలైటు మనుషులు

అదే సెలవుల్లో ఒక సాయంత్రం ఇద్దరు మనుషులు మా కొట్టంలోకి వచ్చారు. ఒకాయన చేతిలో టార్చి, ఇంకొకాయన నోట్లో గాజు గొట్టం. గోడ మీద వాలిన దోమ మీదికి గొట్టం పెట్టి సుతారంగా పీలుస్తాడు, దోమ గొట్టంలోకి పోతుంది. గొట్టం లోపల వల ఉంటుంది కాబట్టి నోట్లోకి పోదు. నేనూ, మామ కూతురూ నోరు మూసుకుని నవ్వాం. "సర్కారు జీతమిచ్చి దోమలు పట్టిస్తోంది చూడే" అంది అది.

ఇప్పుడు తెలుసు. దాన్ని దోమల నిఘా అంటారు. ఒక మనిషి ఒక గంటలో ఎన్ని దోమలు పట్టాడో అదే లెక్క. ప్రతిసారీ అదే కొట్టం, అదే వేళ, అంతే సమయం చూస్తారు. పోయిన నెల నాలుగు, ఈ నెల పన్నెండు అయితే ఏదో మారిందని అర్థం. మడుగుల్లో గరిటెలాంటి పాత్ర ముంచి, ఎన్ని ముంపులకు ఎన్ని పురుగులు వచ్చాయో కూడా రాసుకుంటారు. పట్టిన దోమల్లో ఏ జాతి ఎన్నో వేరుచేస్తారు. క్యూలిసిఫేసీస్‌లోనే ఏ, బీ, సీ, డీ, ఈ అని అయిదు రకాలున్నాయి, కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి. క్రోమోజోములు చూస్తే గానీ తేడా తెలియదు. బీ రకం చాలాచోట్ల మలేరియాను అంతగా మోయదు, రామేశ్వరంలో దొరికిన ఈ రకం బాగా మోస్తుంది. అంటే "దోమలు ఎక్కువున్నాయి" అన్న ఒక్క మాట చాలదు. ఏ దోమలో తెలియాలి.

దోమ వయసు కూడా తెలియాలి. నాకు అన్నిటికన్నా నచ్చిన లెక్క ఇదే. రోగిని కుట్టిన వెంటనే దోమ మలేరియాను ఇంకొకరికి ఇవ్వలేదు. క్రిమి దాని కడుపులో పెరిగి, ఉమ్మిగ్రంథుల్లోకి చేరడానికి మన ఎండలకు పది, పన్నెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా దోమ బతికుండాలి. ఉదాహరణకు, రోజూ నూటికి 20 దోమలు చస్తున్నాయనుకుందాం. 12 రోజుల తర్వాత వందలో మిగిలేవి ఏడు. రోజూ నూటికి 10 మాత్రమే చస్తే మిగిలేవి 28. రోజువారీ చావు సగం తగ్గితే, ప్రమాదకరమైన ముసలిదోమలు నాలుగు రెట్లు పెరిగాయి. అందుకే మందు పూసిన దోమతెర, గోడకు కొట్టే మందు అంత పని చేస్తాయి. అవి దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ముసలివి కానివ్వకపోతే చాలు. ఆడదోమ అండాశయం కోసి చూస్తే అది ఇదివరకు గుడ్లు పెట్టిందో లేదో తెలుస్తుంది. పెట్టినవి ఎక్కువుంటే ఆ ఊళ్ళో దోమలు ఎక్కువకాలం బతుకుతున్నాయని లెక్క.

మనుషుల్లో నిఘా

దోమను చూస్తే సగం పని. మిగతా సగం మనుషుల రక్తంలో ఉంది. జ్వరం వచ్చి ఆస్పత్రికి వచ్చినవాళ్ళ రక్తం చూడడం ఒక పద్ధతి. ఇంటింటికీ తిరిగి "ఎవరికైనా జరమా" అని అడిగి వేలికొస రక్తం తీయడం ఇంకో పద్ధతి. ఏడాదికి వెయ్యిమంది జనాభాలో ఎందరికి మలేరియా తేలింది అన్నది ఒక సూచిక. కానీ రక్తం అసలు చూడకపోతే మలేరియా లేనట్టే కనిపిస్తుంది. అందుకే నూటికి ఎంతమంది రక్తం చూశారన్నది కూడా పక్కనే రాస్తారు.

తేలిన ప్రతి కేసుకూ ఒక ప్రశ్న ఉంటుంది. ఇది ఎక్కడిది? ఈ ఊరి దోమే కుట్టిందా? వేరే ఊరికి పనికి పోయి అక్కడ అంటించుకుని వచ్చారా? లేక పాతదే తిరగబెట్టిందా? మన జిల్లా నుంచి ఎంతోమంది బెంగళూరుకు, కేరళకు కూలికి పోయి వస్తుంటారు. బయటినుంచి వచ్చిన కేసయితే ఆ మనిషికి మందిస్తే సరిపోతుంది, ఇక్కడి దోమ ఆ మనిషిని కుట్టకముందే ఇవ్వాలి. ఈ ఊరి దోమే కుట్టిందంటే మాత్రం ఊళ్ళో మడుగు, దోమ, ఇంకో రోగి ముగ్గురూ ఎక్కడో ఉన్నారని అర్థం. వాళ్ళను వెతకాలి.

తిరగబెట్టడం అంటే, వైవాక్స్ క్రిమి కొంత రక్తంలోకి వచ్చి జ్వరం తెస్తుంది, కొంత కాలేయంలో నిద్రపోతుంది. వారాలు, నెలలు, ఒక్కోసారి ఏడాది దాటాక కూడా లేస్తుంది. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నదాన్ని చంపుతుంది, జ్వరం పోతుంది. కాలేయంలో పడుకున్నదాన్ని చంపేది ప్రైమాక్విన్. అది 14 రోజులూ వేసుకుంటేనే. నేను అయిదు రోజులు వేసుకుని, పడుకున్నదాన్ని అలాగే వదిలేశాను.

శివరాత్రి

ఫిబ్రవరిలో శివరాత్రికి అవ్వ ఊరికి వెళ్ళాను. మార్చిలో ప్లస్ టూ పరీక్షలు. జాగారం రోజు సాయంత్రం నుంచే వణుకు. అవ్వ "దిష్టి తగిలింది అమ్మణ్ణీ" అని ఉప్పు తిప్పేసింది. మూడు రాత్రులు అదే అరుగు మీద పడుకున్నాను. ధర్మపురికొచ్చి రక్తం చూపిస్తే మళ్ళీ వైవాక్స్. ఈసారి పద్నాలుగు రోజులూ వేసుకున్నాను. అమ్మ ఎదురుగా నిలబడి వేయించింది.

పరీక్షలయ్యాక అవ్వ ఊరికి వెళ్తే, మా వీధిలోనే ఉన్న చిన్నపిల్లాడికి చలిజ్వరం వచ్చి తగ్గిందని తెలిసింది. వాడు ఊరు దాటి ఎక్కడికీ పోలేదు. హెల్త్ ఇన్‌స్పెక్టర్ సార్ ఇంటింటికీ తిరుగుతున్నారు. మా గడపకొచ్చి తమిళంలో అడిగారు, ఈ రెండు నెలల్లో ఇంట్లో ఎవరికైనా, వచ్చిన చుట్టాలకైనా జ్వరం వచ్చిందా అని. అవ్వకు తమిళం బాగానే వచ్చు, భయమేస్తే మాత్రం తెలుగే వస్తుంది. "మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు సామీ, చెప్పవే" అని నా వైపు చూసింది. ఆడపిల్ల మీద మాట రాకూడదని ఆమె బాధ.

రెండు భాషలు వచ్చినందుకు ఆ రోజే మొదటిసారి నాకు కష్టమనిపించింది. అవ్వ మాటను అట్లాగే తమిళంలో చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేకపోయాను. "శివరాత్రికి నాకే వచ్చింది సార్. జూన్‌లో మాత్రలు మధ్యలో ఆపేశాను" అన్నాను.

ఆయన తిట్టలేదు. నోటుబుక్కులో తేదీలు రాసుకున్నారు. నేను కూడా మనసులో లెక్క వేసుకున్నాను. నన్ను కుట్టిన దోమలో క్రిమి పెరగడానికి పన్నెండు రోజులు. ఆ దోమ పిల్లాణ్ణి కుట్టాక జ్వరం బయటపడడానికి రెండు వారాలు. మొత్తం నాలుగు వారాలకు కాస్త తక్కువ. వాడికి జ్వరం వచ్చింది శివరాత్రి అయిన నాలుగు వారాలకు. లెక్క సరిపోయింది. నా నుంచే అని ఆయన అనలేదు. ఒంట్లో క్రిమి ఉండీ జ్వరం లేకుండా తిరిగేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరైనా ఉండొచ్చు. కానీ నా నుంచి కాదని కూడా ఎవరూ చెప్పలేరు. ఆయన వెళ్ళేటప్పుడు ఒక్క మాటన్నారు. "నువ్వు చెప్పావు కాబట్టి ఎక్కడ వెతకాలో తెలిసింది. చెప్పనివాళ్ళ ఇంట్లోనే మాకు మలేరియా దొరకదు." ఆ వారంలోనే మా వీధి మొత్తానికి రక్తపరీక్షలు చేశారు, కొట్టం వెనక గుంట పూడ్చారు.

చివరి పదిహేడు

పెద్ద లెక్కలు చూసినా ఇదే పాఠం కనిపిస్తుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా సుమారు ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదని, ఎనిమిది లక్షలమంది పోయేవారని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై, డీడీటీ చల్లి, 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇంక పోయినట్టే అనుకుని పట్టు సడలించారు. దోమ డీడీటీకి అలవాటుపడింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి.

శ్రీలంకలోనూ అంతే. 1963లో అక్కడ కేసులు కేవలం 17. పదిహేడే కదా అని నిఘా వదిలేశారు. ఆ దశాబ్దం ముగిసేలోగా లక్షల్లోకి తిరిగొచ్చింది. మళ్ళీ మొదటినుంచీ పనిచేసి, 2012 తర్వాత స్థానిక కేసు ఒక్కటీ లేకుండా చేసి, 2016లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందారు. మన దేశం 2030ని గడువుగా పెట్టుకుంది. ఆ గుర్తింపుకు వరసగా మూడేళ్ళు ఒక్క స్థానిక కేసు కూడా ఉండకూడదు. ఆంధ్రలో అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం, మనవైపు ఏటిగట్టు పల్లెలు, చెన్నైలో మూతలేని ట్యాంకులు, ఇలాంటి చోట్ల మిగిలిన కేసులే కష్టమైనవి. వేలల్లో ఉన్నప్పుడు మందు చల్లితే తగ్గుతాయి. పదుల్లో ఉన్నప్పుడు ఒక్కొక్కరినీ పేరుపెట్టి వెతకాలి.

దేశంలో 1965 నాటి పట్టు సడలింపూ, నా అయిదో రోజూ ఒకటే. జరం కనిపించకపోతే జబ్బు పోయిందనుకోవడం.

స్నేహితులకు చెప్పదలచుకున్నవి నాలుగే మాటలు. చలితో జ్వరం వస్తే మెడికల్ షాపులో మాత్ర కొనుక్కోకండి, రక్తం చూపించుకోండి, సర్కారు ఆస్పత్రిలో డబ్బు తీసుకోరు. ప్రైమాక్విన్ ఇస్తే చివరిదాకా వేసుకోండి. కానీ అది డాక్టరు ఇస్తేనే వేసుకోవాలి. గర్భిణులకు ఇవ్వరు, రక్తంలో ఒక ఎంజైము తక్కువున్నవాళ్ళకు అది ప్రమాదం. ఇంటి మీద ట్యాంకుకు మూత ఉందో లేదో ఈ ఆదివారం ఒకసారి ఎక్కి చూడండి. టార్చి పట్టుకుని ఎవరైనా మీ కొట్టంలోకొస్తే నవ్వకండి, స్టూలు వేయండి.

ఆ పిల్లాడు ఇప్పుడు బాగున్నాడు, బడికి పోతున్నాడు. నేను ఊరికెళ్తే "అక్కా, చాక్లెట్" అని వస్తాడు. వాడికి ఏమీ తెలియదు. అవ్వ ఇప్పుడు నన్ను అరుగు మీద పడుకోనివ్వదు. లోపల దోమతెర కట్టి, నాలుగు అంచులూ తనే చాప కిందకు దోపి, "కదలకుండా పడుకో" అంటుంది. ఉక్కపోస్తుంది. అయినా పడుకుంటాను.